ధవళేశ్వరం మీద వ్యాసం: ముసాయిదాలో ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి?

#1 గోదారిగట్టు
ధవళేశ్వరం ఊరి మీద తెలుగులో ఒక మంచి వ్యాసం తయారవుతోంది. భౌగోళికం, ఆనకట్ట చరిత్ర, వరద లెక్కలు, కాలువలు అన్నీ అందులో ఉండాలి. ముసాయిదాలో మూడు వాక్యాల దగ్గర పేచీ వచ్చింది. అవి ఇవీ:

"1852లో కాటన్ దొర 175 గేట్ల ఆనకట్ట పూర్తి చేశాడు."
"ధవళేశ్వరం దగ్గర గోదావరి లోతు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు."
"బ్యారేజీ తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలను కలుపుతుంది."

తెలిసినవాళ్లు సరిచేయండి. కారణం కూడా రాస్తే వ్యాసంలో అలాగే వాడుకోవచ్చు.

#2 కొలతకర్ర
మూడూ తప్పేనండి.

మొదటి వాక్యంలో రెండు కట్టడాలు కలిసిపోయాయి. 1847లో మొదలై 1852లో పూర్తయినది ఆనకట్ట. అంటే నదికి అడ్డంగా కట్టిన రాతి గోడ. నీళ్లు దాని మీదుగా పొర్లిపోవాల్సిందే, గేట్లు ఎత్తి వదిలే పద్ధతి కాదు. తర్వాత దాని ఎత్తు పెంచారు, పైన తలుపులూ బిగించారు. ఇప్పుడు మనం బస్సులో దాటే 175 గేట్ల బ్యారేజీ 1970లలో మొదలై 1982లో పూర్తయింది. దానికి సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ అని పేరు పెట్టడంతో, కాటనే కట్టాడని జనం అనుకుంటున్నారు. చాలా వ్యాసాల్లో ఈ పొరపాటే కనిపిస్తుంది.

మిగతా రెండింటి సంగతి తీరిగ్గా రాస్తాను. ముందు భౌగోళికం తేలాలి. అది తేలకపోతే ఆనకట్ట అక్కడే ఎందుకు కట్టారో అర్థం కాదు.

#3 రాళ్లూరప్పలూ
భౌగోళికం నేను రాస్తాను.

గోదావరి పాపికొండల మధ్య ఇరుగ్గా వచ్చి, పోలవరం దాటాక ఒక్కసారిగా వెడల్పవుతుంది. రాజమహేంద్రవరం దగ్గర రెండు గట్ల మీదా ఇసుకరాతి మెరకలున్నాయి. భూగర్భ శాస్త్రంలో దీన్ని రాజమండ్రి ఇసుకరాయి అంటారు. ఊరికి ఉత్తరాన కాతేరులోనూ, అవతలి గట్టున పంగిడి వైపూ దీని కింద నల్లరాయి బయటపడుతుంది. అది దక్కను పీఠభూమి లావాకు సంబంధించిన పొర. ధవళేశ్వరం కొండ ఆ ఇసుకరాతి మెరకకు దక్షిణపు కొస. అది దాటితే సముద్రం దాకా ఇక గట్టి నేల లేదు, అంతా నది తెచ్చి పోసిన ఒండ్రే.

నదిని రెండు వైపులా పట్టి ఉంచిన మెరక ఇక్కడితో అయిపోతుంది. అందుకే నది ఇక్కడి నుంచి పాయలవుతుంది. తూర్పున గౌతమి, పడమరన వసిష్ఠ. వసిష్ఠ నుంచి కిందికి పోయాక వైనతేయ చీలుతుంది. గౌతమి యానాం మీదుగానూ, వసిష్ఠ అంతర్వేది దగ్గరా, వైనతేయ ఓడలరేవు దగ్గరా సముద్రంలో కలుస్తాయి. గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్నదే కోనసీమ.

కాబట్టి డెల్టా మొత్తానికీ నీళ్లు మళ్లించాలంటే చీలికకు పైన కట్టాలి, లేదా చీలిక దగ్గరే కట్టాలి. ఇంకా కిందికి పోతే ప్రతి పాయకూ విడిగా కట్టుకోవాలి. పైకి పోతే పల్లానికి నీళ్లు ఎక్కించడం తేలికే గానీ కాలువలు మెరకలో తవ్వాలి. ధవళేశ్వరంలో రెండూ కుదిరాయి, పైగా రాయి పక్కనే దొరికింది. కొండ మీది నుంచి కొట్టిన రాయి గట్టుకు తేవడానికి 1845లోనే పట్టాలు వేశారు. బొంబాయి–ఠాణా రైలు నడిచింది 1853లో. అంటే ధవళేశ్వరం రాళ్ల బండి దానికి ఎనిమిదేళ్లు పెద్దది. ఈ మాట వ్యాసంలో తప్పకుండా ఉండాలి.

కొండ మీద జనార్దనస్వామి గుడి ఉంది. గౌతమి వెంట వరసగా ఉన్న నవ జనార్దన క్షేత్రాల్లో మొదటిది ఇదే. చరిత్ర భాగంలో దీన్ని వదిలేస్తే ఊరు ఆనకట్టతోనే పుట్టిందన్నట్టు అవుతుంది.

#4 లస్కరు
నాలుగు భాగాల సంగతి ముసాయిదాలో లేదు. బ్యారేజీ ఒక్క పొడవాటి వంతెనలా కనిపిస్తుంది గానీ నిజానికి నాలుగు ముక్కలు. మధ్యలో లంకలు (నది నడుమ దీవులు) ఉన్నాయి. తూర్పు నుంచి పడమరకు:

ధవళేశ్వరం భాగం, పాత ఆనకట్ట పొడవు 4,872 అడుగులు, ఇప్పుడు 70 గేట్లు. తర్వాత పిచ్చుకలంక.
ర్యాలి భాగం, 2,859 అడుగులు, 43 గేట్లు. తర్వాత బొబ్బర్లంక.
మద్దూరు భాగం, 1,548 అడుగులు, 23 గేట్లు. తర్వాత మద్దూరులంక.
విజ్జేశ్వరం భాగం, 2,598 అడుగులు, 39 గేట్లు.

కూడితే 11,877 అడుగులు, అంటే 3.6 కిలోమీటర్ల పైచిలుకు. గేట్లు 175. లంకల మీది రోడ్డు ఇందులో కలపలేదు. "బ్యారేజీ పొడవు ఇంత" అని ఒక్కొక్కరు ఒక్కో అంకె రాయడానికి కారణం ఇదే, కొందరు లంకలతో కలిపి కొలుస్తారు.

మొదటి రెండు భాగాల నీళ్లు గౌతమిలోకి (113 గేట్లు), చివరి రెంటివీ వసిష్ఠలోకి (62 గేట్లు) పోతాయి. వరదప్పుడు ఏ పాయ గట్ల మీద ఒత్తిడి ఎక్కువో చూడాలంటే ఈ విభజన తెలిసుండాలి.

#5 పటంచూసేవాడు
జిల్లాల వాక్యం 2022 ఏప్రిల్ 4 దాకా సరైనదే. ధవళేశ్వరం తూర్పు గోదావరిలో, విజ్జేశ్వరం పశ్చిమ గోదావరిలో ఉండేవి. పునర్విభజనతో నిడదవోలు, కొవ్వూరు మండలాలు తూర్పు గోదావరిలోకి వచ్చాయి. విజ్జేశ్వరం నిడదవోలు మండలంలోది. నడుమనున్న బొబ్బర్లంక ఆత్రేయపురం మండలం కాబట్టి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో ఉంది. అంటే ఇప్పుడు రెండు కొసలూ ఒకే జిల్లా, నడిమి ముక్క వేరే జిల్లా. వింతగా ఉన్నా అంతే.

పాత పత్రాలు చదివేవాళ్లకు ఇంకో చిక్కు. 1859కి ముందు ఇది రాజమండ్రి జిల్లా, ఆ తర్వాత గోదావరి జిల్లా, 1925 నుంచి తూర్పు గోదావరి. ఆనకట్ట కట్టేనాటికి గోదావరి జిల్లా అన్న పేరే లేదు.

#6 గోదారిగట్టు
సూపర్. చరిత్ర ఎవరు రాస్తారు? ముసాయిదాలో "కరువు చూసి కాటన్ కరిగిపోయి ఆనకట్ట కట్టాడు" అని ఒక్క వాక్యం ఉంది.

#7 పాతకాగితం
ఆ వాక్యం అబద్ధం కాదు, కానీ సగమే. క్రమంలో ఇలా రాయండి.

1832–33లో నందన కరువు. 1839 నవంబరులో కోరంగి తీరాన్ని తుడిచిపెట్టిన తుఫాను. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7.38 లక్షలు ఉంటే, 1841కి 5.61 లక్షలకు పడిపోయింది. కొందరు చచ్చిపోయారు, కొందరు వలసపోయారు. శిస్తు కూడా పడిపోయింది. కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) కదలడానికి జాలి ఒక్కటే కారణం అనుకోవడం అమాయకత్వం. శిస్తు పెరుగుతుందన్న లెక్క చూపించాకే అనుమతి వచ్చింది. కాటన్ 1844లో ఇచ్చిన నివేదికలో వాదన నడిచిందీ ఆ దారినే.

ఇంకో సంగతి. కాటన్ ఇక్కడికి కొత్తగా వచ్చి ప్రయోగం చేయలేదు. అంతకుముందు తంజావూరు ప్రాంతంలో కావేరి మీది పాత ఆనకట్ట కల్లణైని పరిశీలించాడు. 1836లో కావేరి పాయ కొల్లడం మీద ఎగువ ఆనకట్ట కట్టించాడు. నది అడుగున బండ లేకపోయినా ఇసుకలో బావులు దించి, వాటి మీద కట్టడం లేపవచ్చునని అక్కడే తెలిసింది. ధవళేశ్వరంలో చేసిందీ అదే. అంటే తమిళనేల పాత పనితనం గోదావరికి వచ్చి పెద్దదైంది. కొండను చూసి "రాతి పునాది" అని రాసేవాళ్లున్నారు. కొండ గట్టు మీద ఉంది, నది అడుగున ఉన్నది ఇసుకే.

మధ్యలో ఆరోగ్యం చెడి కాటన్ సెలవు మీద వెళ్లినప్పుడు పని నడిపించింది ఆర్ (Orr) అనే ఇంజనీరు. కృష్ణా నది మీద విజయవాడ ఆనకట్ట (1852–55) కట్టించిందీ ఆయనే. పదివేల దాకా కూలీలు, వందల్లో వడ్రంగులూ కమ్మరులూ పనిచేశారు. వాళ్లను కూడగట్టి, పని సాగేలా చూసినవాడు వీణెం వీరన్న. ఆయనకు రాయ్ బహదూర్ బిరుదు వచ్చింది. ఊళ్లో కాటన్ విగ్రహాలు అడుగడుగునా ఉన్నాయి, వీరన్న పేరు చెబితే కళ్లు తేలేసేవాళ్లు ఇంకా ఉన్నారు. వ్యాసంలో ఆయనకు కనీసం ఒక పేరా ఇవ్వండి.

కాటన్ 1803 మే 15న పుట్టాడు, 1899 జులై 24న చనిపోయాడు. డెల్టాలో మే 15న దండలు పడటం మామూలే.

#8 కొలతకర్ర
ఇక 11.75 సంగతి. ఇది లోతు కాదు. బ్యారేజీ దగ్గర ఉన్న కొలబద్ద మీద అంకె. కొలబద్ద సున్నా నది అడుగు కాదు, సముద్ర మట్టమూ కాదు. స్థానికంగా పెట్టుకున్న గుర్తు. అందుకే మూడు పొరపాట్లు జరుగుతుంటాయి.

ఒకటి, భద్రాచలంతో పోల్చడం. అక్కడ హెచ్చరికలు 43, 48, 53 అడుగులు. ఇక్కడ 11.75, 13.75, 17.75. "భద్రాచలంలో 50 అడుగులుంటే ఇక్కడికి 14 అడుగులే వచ్చింది, నీళ్లెక్కడికి పోయాయి?" అని ప్రతి వరదకూ ఎవరో ఒకరు అడుగుతారు. ఎక్కడికీ పోలేదు. రెండు కొలబద్దల సున్నాలు వేరు, నది వెడల్పు వేరు.

రెండు, కేంద్ర జల సంఘం ఇచ్చే అంకెతో కలపడం. వాళ్లు సముద్ర మట్టం నుంచి మీటర్లలో ఇస్తారు. ఆ మీటర్లను అడుగుల్లోకి మార్చి 11.75తో పోల్చితే ఊరు మునిగిపోయినట్టే కనిపిస్తుంది.

మూడు, అడుగులు చూసి క్యూసెక్కులు ఊహించడం. మొదటి హెచ్చరికకు సుమారు 10 లక్షల క్యూసెక్కులు, రెండో దానికి 13 లక్షలు, మూడో దానికి 17 లక్షలు. 11.75 నుంచి 13.75కి రెండడుగులకు 3 లక్షలు పెరిగితే, ఆ పైన నాలుగడుగులకు 4 లక్షలే పెరుగుతోంది. కింది వైపు మట్టం కూడా లేచి పైనున్న నీటిని నెట్టడం వల్ల పైకి పోయేకొద్దీ ఇలా తిరగబడుతుంది. కాబట్టి ఒక్క గీత గీసి అంచనా వేయకూడదు.

పోలికకు గుర్తుండాల్సినవి: 1986 ఆగస్టులో 35.06 లక్షలు, 2006 ఆగస్టులో 28.5 లక్షలు, 2022 జులైలో 25.8 లక్షల క్యూసెక్కులు. ఈ మూడింటిలో 2022ది చిన్నదే, కానీ జులైలోనే అంత రావడం అరుదు. అందుకే లంకల్లో కూరగాయలూ అరటీ పశువుల మేతా ఏవీ బయటకు తెచ్చుకునే వ్యవధి లేకపోయింది.

#9 కొత్తసభ్యుడు
ఒక సందేహం అండి. వరద వస్తోందని ముందే తెలుస్తుంది కదా, బ్యారేజీ గేట్లు దించి కొంత ఆపితే కింది లంకలు మునగవు కదా?

#10 కొలతకర్ర
లెక్క చూడండి, జవాబు దొరుకుతుంది. బ్యారేజీలో నిల్వ 3 టీఎంసీలు కూడా ఉండదు. 10 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు 10 లక్షల ఘనపుటడుగులు. 3 టీఎంసీలు అంటే 300 కోట్ల ఘనపుటడుగులు. భాగిస్తే 3,000 సెకన్లు, అంటే 50 నిమిషాలు. ఖాళీ బ్యారేజీ మొదటి హెచ్చరిక స్థాయి వరదకు గంటలోపు నిండిపోతుంది. ఇక 50 నిమిషాల కోసం గేట్లు దించితే నీళ్లు పై వైపు గట్ల మీదా, గేట్ల మీదా పడతాయి. అందుకే పెద్ద వరదలో 175 గేట్లూ నీటి మట్టం పైకి ఎత్తేసి, వచ్చింది వచ్చినట్టు వదులుతారు. బ్యారేజీ పని మట్టం నిలబెట్టి కాలువలకు ఎక్కించడం, వరదను ఆపడం కాదు.

ఇంకో సూత్రం రాసిపెట్టుకోండి. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. "ఇంత నీరు సముద్రం పాలు" అని వార్తలో చూసినప్పుడు దీంతో సరిచూసుకోవచ్చు. వరదప్పుడు మూడు డెల్టా కాలువలకూ కలిపి పోయేది పది పదిహేను వేల క్యూసెక్కుల స్థాయే.

#11 లంకల_వైపు
కొత్తసభ్యుడు గారికి ఇంకొంచెం. భద్రాచలం అంకె చూసి ధవళేశ్వరానికి దాదాపు ఒక రోజు వ్యవధి అనుకోవచ్చు. కానీ భద్రాచలం కింద కూనవరం దగ్గర శబరి కలుస్తుంది, దాని నీళ్లు భద్రాచలం లెక్కలో రావు. శబరి కూడా పొంగి ఉంటే భద్రాచలంలో మట్టం తగ్గుతున్నా ఇక్కడ పెరుగుతూనే ఉంటుంది. "పైన తగ్గింది, ఇక భయం లేదు" అని సామాను వెనక్కి తెచ్చుకుని దెబ్బతినేది ఈ ఒక్క రోజులోనే. పోలవరం కట్టడం ధవళేశ్వరానికి 42 కిలోమీటర్లు ఎగువన ఉంది. ఇప్పుడు నది అక్కడి స్పిల్‌వే 48 గేట్ల గుండా వస్తోంది కాబట్టి అక్కడి విడుదల అంకె మరింత దగ్గరి సూచన.

ఏ మట్టానికి ఏమవుతుందో కూడా వ్యాసంలో ఉండాలి. మొదటి హెచ్చరికకు ముందే లంకలకు పోయే కాజ్‌వేలు మునుగుతాయి. కనకాయలంక కాజ్‌వే ఇందులో తరచూ వినబడే పేరు. రాకపోకలు పడవల మీదే. రెండో హెచ్చరికకు గట్ల లోపలి పొలాలూ ఇటుక బట్టీలూ పోతాయి. మూడోది దాటితే గట్ల లోపలి ఇళ్లు మునుగుతాయి, గట్లకు పరీక్ష మొదలవుతుంది.

గట్టు తెగడం పైనుంచి పొర్లి మాత్రమే జరగదు. ఎక్కువసార్లు కిందనుంచే మొదలవుతుంది. ఎలుక బొరియలు, పీత బొరియలు, పాత తూముల పక్కన సరిగా కూరని మట్టి, వీటి గుండా ఊట వచ్చి గట్టు బయటి పాదం దగ్గర బుగ్గలా ఉబుకుతుంది. నీళ్లు తేటగా వస్తుంటే కనిపెట్టుకుని ఉండాలి. మట్టి రంగులో వస్తే గట్టు లోపల కోసుకుపోతోందని అర్థం. అప్పుడు చాలామంది చేసే తప్పు, ఆ బుగ్గను బస్తాలతో నొక్కి మూసేయడం. మూస్తే పక్కన ఇంకోచోట పైకి లేస్తుంది. దాని చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా చిన్న గట్టు కట్టి, లోపల నీటి ఎత్తు పెరగనివ్వాలి. ఆ ఎత్తు ఒత్తిడికి మట్టి రావడం ఆగి తేటనీరు వచ్చేదాకా పెంచాలి. ఎక్కువైన నీటికి ఒక పక్క దారి వదలాలి.

#12 లస్కరు
కాలువల భాగం. మూడు తలకాయలు (కాలువలు నదిలోంచి మొదలయ్యే చోట్లు): ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టా, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టా, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టా. మొత్తం ఆయకట్టు 10 లక్షల ఎకరాల పైనే. అందులో పెద్ద వాటా పశ్చిమానిది. తూర్పు వైపు కాకినాడ, సామర్లకోట, మండపేట, కోరంగి కాలువలు. పశ్చిమాన ఏలూరు కాలువ కృష్ణా డెల్టా కాలువలను కలుస్తుంది. అక్కడి నుంచి బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు దాకా పడవలు నడిచేవి. ఇప్పటికీ ఊళ్లో "లాకులు" అని వినపడేది ఆ పడవల కోసం కట్టినవే. రైళ్లూ లారీలూ వచ్చాక సరుకు పడవలు పోయాయి, లాకులు చాలాచోట్ల బస్‌స్టాపు పేరుగా మిగిలాయి.

మధ్య డెల్టాలో పి.గన్నవరం అక్విడెక్టు సంగతి కూడా కలపండి. వైనతేయ పాయ మీదుగా కాలువనే దాటించిన కట్టడం, 49 కమాన్లు. 1850లలో హెయిగ్ కట్టించాడు. 2000లో పక్కన కొత్తది వచ్చింది, డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

ఇబ్బందులు. కాలువ తలకాయల దగ్గర ఇసుక చేరడం మొట్టమొదటి నుంచీ ఉన్న రోగం. అందుకే తలకాయ పక్కనే నదిలోకి ఇసుక తూములు పెట్టారు. వాటిని వరదలో తెరిచి ఇసుకను కొట్టేయకపోతే తలకాయ పూడుతుంది. కిందికి పోతే గుర్రపుడెక్క. అది తూము గేట్ల దగ్గర అట్టలా పేరుకుంటే శివారు భూములకు నీరందదు. పైన కాలువ నిండుగా కనిపిస్తుంది, కింద చేను ఎండుతుంది. పూడికా మరమ్మతులూ చేసేది ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసినప్పుడే. ఆ వ్యవధిలో పని తేలకపోతే జూన్‌లో సార్వాకు (ఖరీఫ్ పంటకు) నీళ్లు వదిలేస్తారు, మిగిలిన పని మళ్లీ ఏడాదికే.

దాళ్వాకు (రబీ పంటకు) నదిలో సొంత నీరు చాలదు. సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే నీళ్లే ఆధారం. తక్కువైతే వంతులవారీ విధానం పెడతారు, మురుగు కాలువలకు అడ్డుకట్టలు వేసి ఇంజన్లతో తోడి చేలకు పోస్తారు. చివరి తడి దగ్గరే గొడవలన్నీ.

#13 రాళ్లూరప్పలూ
కడియం నర్సరీలను కూడా ఒక వాక్యంలో కలపండి. ధవళేశ్వరానికి పక్కనే, తూర్పు డెల్టా కాలువ మొదట్లోనే ఉండటం వల్ల నీరు ముందు అందేది వాళ్లకే. ఒండ్రు మట్టి అంటుకు బంకలా పట్టుకుంటుంది, మొక్కను ముద్దతో సహా లేపి లారీ ఎక్కించవచ్చు. ఇసుక నేలలో అది కుదరదు.

#14 కొత్తసభ్యుడు
చూడాలని వచ్చేవాళ్లకు ఏ నెల మంచిది?

#15 లస్కరు
ఏం చూడాలన్నదాన్ని బట్టి. కట్టడం, గేట్లు, లాకులూ, అడుగునున్న రాతి పరుపూ చూడాలంటే ఏప్రిల్ ఆఖరు, మే. నదిలో ఇసుక మేటలు తేలి ఉంటాయి, కాలువలు ఎండి ఉంటాయి. ఎండ మాత్రం మాడుస్తుంది, ఉదయం తొమ్మిదిలోపు ముగించాలి. వరద చూడాలంటే జులై–సెప్టెంబరు. హెచ్చరిక ఉన్న రోజుల్లో బ్యారేజీ మీద నిలబడనివ్వరు, నిలబడకూడదు కూడా. కాటన్ మ్యూజియం (1988) గట్టు పక్కనే, నమూనాలు చూస్తే నాలుగు భాగాలూ ఒక్క చూపులో తెలుస్తాయి. నది మొత్తం కనపడాలంటే జనార్దనస్వామి కొండ ఎక్కాలి. రాజమహేంద్రవరం నుంచి గట్టు రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్ల లోపే.

బ్యారేజీ దిగువన స్నానానికి మాత్రం దిగొద్దు. గేటు కింద నుంచి వచ్చే నీరు ఏప్రాన్ (అడుగునున్న రాతి పరుపు) చివర గోతులు తవ్వుతుంది. మోకాలి లోతు అనుకున్న చోట పక్కడుగు నిలువు లోతు ఉంటుంది, మేట ఇసుక కాలి కింద జారుతుంది.

#16 గోదారిగట్టు
మొదటి వాక్యాన్ని రెండుగా విడగొట్టి 1852, 1982 వేర్వేరుగా పెట్టాను. "లోతు" తీసేసి "బ్యారేజీ కొలబద్ద మీద నీటి మట్టం" అని మార్చాను. జిల్లాల వాక్యంలో 2022 తేదీ చేర్చాను. వీరన్నకు విడిగా పేరా పెట్టాను. గేట్ల పట్టికలో గౌతమి, వసిష్ఠ అని రెండు భాగాలు చేశాను. పాత ఆనకట్ట మీద తలుపులు పెట్టిన సంవత్సరాలు పాతకాగితం గారు చూసి పంపితే ఆ గడి కూడా నింపేస్తాను.

#17 పాతకాగితం
పంపుతాను. "కాటన్ దొర" అన్నచోట "దొర" తీసేయండి, మిగతా వ్యాసంలో ఎవరికీ గౌరవ వాచకం పెట్టలేదు.